కీర్తన పేరు మీద

"అందుకే మందు పెంచారాంటీ" అనేసి, డాక్టరుగారి పరిశోధనలో పనిచేసే రోహిత్ ఆసుపత్రి గది లోపలికి వెళ్ళిపోయాడు, తలుపు దానంతటదే మెల్లగా వచ్చి మూసుకుంది, అనూరాధ నీళ్ళసీసా మూత సగం తిప్పి అలాగే నిలబడిపోయింది. ఆ కుర్రాడు చెడ్డమాటేమీ అనలేదు, పాపం ఊరడించడానికే చెప్పాడు. లోపల కీర్తన చివరి పరీక్షకి కూర్చుంది, కూర్చుంటూనే ఆవులించింది, కుర్చీ వెనక్కి తల వాల్చేసింది, ఇంత మత్తులో ఇదేం చేస్తుంది బాబూ అని తల్లి అడిగింది, అడగకపోయినా బాగుండేది. పోయిన నెల డాక్టరుగారు మందు పెంచారు కదా, ఆ మత్తేనన్నాడు. తన పేరు మీద ఎవరో దొంగచాటుగా కంప్యూటర్లో ఆడేస్తున్నారనీ, తన మార్కులు వాళ్ళు దోచుకుపోతున్నారనీ కీర్తనకి కొత్తగా ఓ భ్రమ మొదలైందట, ఈ జబ్బులో అలాంటివి మామూలేనట, కంగారు పడొద్దన్నాడు. అంకుల్ మీకు చెప్పలేదా అని కూడా అడిగాడు. అంకుల్, అంటే ఆమె మొగుడు దుర్గారావు, చెప్పలేదు. ఆ ఎవరో వేరెవరో కాదు. ఆడింది తనే. కన్నతల్లే, మధ్యాహ్నాలు కూతురు పడుకున్నప్పుడు, కూతురి పేరు మీద, కూతురి కుర్చీలో కూర్చుని ఆడింది.

బల్ల మీద కూలబడింది. కూర్చున్నట్టు కాసేపటికిగాని తెలియలేదు. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి కొండవాలు, దాని కింద రోడ్డు, రోడ్డుకి అవతల సముద్రం పొద్దుటి ఎండలో ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. ఫినాయిలు వాసన. రేవులో ఏదో ఓడ కూత వేసింది, ఆ కూత చివర్న కిందికి దిగింది, దిగగానే అనూరాధ వేలు తనంతట తనే బల్ల మీద, ఆటలో మీట నొక్కినట్టు, కింది బాణం నొక్కింది. చూసుకుని చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. ఈమధ్య ఇదే వరస. కుక్కరు కూసినా, క్వార్టర్ల మధ్య సైకిలు మీద ఉప్పమ్మేవాడు కేకేసినా, దుర్గారావు గురక పెట్టినా, పైకి పోతోందా కిందికి దిగుతోందా అని చెవి ఊరికే తూకం వేసేస్తోంది. కసరత్తు కూతురి మెదడుకని మొదలుపెడితే కండ తల్లికి పట్టింది. పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నాడట అని ఎదురు క్వార్టరు పాపాయమ్మగారు ఎవరి మీదైనా ఇట్టే విసిరేసేది, కీర్తనకి జబ్బు చేశాక ఆవిడ ఆ సామెత తన ముందు అనడం మానేసింది, అన్నప్పటికన్నా మానేసినప్పుడే ఎక్కువ గుచ్చుకునేది. ఇప్పుడావిడ ఇక్కడ ఉంటే బాగుండును, నోరారా అంటే బాగుండును, రోకలి తెచ్చి తన తలకే చుట్టమని అడిగేది.

భ్రమ. ఆ మాట ఆమెకి ఈ ఆసుపత్రిలోనే నేర్పారు. అంతకుముందు ఇంట్లో దానికి పేరు లేదు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల ఒకరోజు అన్నం కంచం ముందు కూర్చుని, మేడ మీద ఆయన తినొద్దంటన్నాడు అంది. ఉక్కునగరంలో వాళ్ళ క్వార్టరు అన్నిటికన్నా పై అంతస్తు, ఆ పైన నీళ్ళ ట్యాంకు తప్ప ఇంకేమీ లేదు. దుర్గారావు అప్పుడే ఉక్కు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాడు, బూట్లు కూడా విప్పకుండా డాబా ఎక్కి ట్యాంకు చుట్టూ తిరిగి వచ్చి ఎవులూ లేరమ్మా అన్నాడు. ఆయన కనపడడు నాన్నా అంది పిల్ల, ఎంతో ఓపిగ్గా, తండ్రికి లెక్క చెబుతున్నట్టు. అక్కణ్ణుంచి మూడేళ్ళు. సింహాచలం, తాయెత్తు, ఎలమంచిలి దగ్గరెవరో పసరు పోస్తాడంటే అక్కడికి, చివరికి ఈ కొండవాలు మీదికి. శ్రీరామ్మూర్తి డాక్టరుగారు మంచాయన, గొంతు పెంచడు, మాత్ర వేశాక మేడ మీద ఆయన కూడా మాట తగ్గించాడు. కానీ మాత్ర ఆయన్నొక్కణ్ణే తీసుకుపోలేదు, పిల్ల నవ్వునీ జ్ఞాపకాన్నీ కూడా ఇంత తీసుకుపోయింది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయేది. సినిమా చూస్తూ వీడెవడే అని పదిసార్లు అడిగేది. చదువు పుస్తకం తెరిచి ఒకే పేజీ దగ్గర కూర్చునేది. దానికి మందు లేదా బాబూ అంటే డాక్టరుగారు ఇప్పటికైతే లేదన్నారు.

అందుకే పోయిన శ్రావణమాసంలో ఆయన పరిశోధన సంగతి చెప్పగానే అనూరాధ పట్టుకుంది. మెదడుకి కసరత్తట. ఇంటర్నెట్టులో ఆటల్లాంటివట, ఇంట్లోనే ఆడుకోవచ్చట, చెవిలో రకరకాల కూతలు వినిపిస్తాయట, పైకి పోయిందో కిందికి దిగిందో బాణం నొక్కాలట, బా అన్నాడో డా అన్నాడో గుర్తుపట్టాలట, అలా వినగా వినగా మెదడు పదునెక్కి మతిమరపు తగ్గుతుందేమో చూస్తారట. తగ్గుతుందని కాదు, తగ్గుతుందేమో చూస్తారు. ఆ తేడా డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. ఇది వైద్యం కాదమ్మా, ఎవరికివాళ్ళు ఇష్టపడి చేరేది, ఎప్పుడు మానేసినా ఎవరూ ఏమీ అనరు, వైద్యమూ ఆగదు, మాకు కావలసింది నిజంగా ఏం జరిగిందో తెలియడం, అదొస్తే రేపు ఇలాంటి పిల్లలందరికీ పనికొస్తుంది అన్నారు. కీర్తన చేరతానంది, తనే అంది, సంతకం తనే పెట్టింది, పేరు గుండ్రంగా రాసింది. అనూరాధకి మాత్రం డాక్టరుగారి మాటల్లో ఒకటే తలకెక్కింది, పిల్లకి ఒక చోటు దొరికింది. మానేసినా ఏమీ అనరన్న మాట ఆమె నమ్మలేదు. ఆమె బతుకులో వదిలేసింది ఏదీ మళ్ళీ చేతికి రాలేదు, ఎనిమిదో తరగతిలో వదిలేసిన బడి వచ్చిందా. వారానికి ఐదు రోజులైనా కూర్చోవాలాంటీ, మరీ తక్కువైతే లెక్కలోంచి తీసేస్తారు అని రోహిత్ ఫోన్లో అన్నాడు, అంతే, ఆ ఒక్కమాట చాలింది.

ఎందుకంటే ఆమె జాలారిపేట పిల్ల. వీధి కుళాయి దగ్గర పెరిగిన పిల్ల. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళకి వీధి వీధంతా బిందెలు వరసగా పెట్టుకుని, మనుషులు పనుల మీద పోయేవాళ్ళు. అమ్మ సేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి పోయేది, చిట్టమ్మత్త ఎండు సేపలు తిరగెయ్యడానికి ఒడ్డుకి పోయేది, నీళ్ళొచ్చేసరికి వరసలో ఎవరుంటే వాళ్ళు ముందు బిందె ఎవరిదో చూసి అది నింపి పక్కన పెట్టేవాళ్ళు. మనిషి లేదు కదా అని బిందె జరిపేస్తే ఆ ఇంటికి ఆ పూట నీళ్ళుండవు. జరిపినదాన్ని వీధి క్షమించేది కాదు. ఒకరి బిందె ఒకరు పట్టకపోతే ఈదంతా ఎండిపోద్దే అనేది అమ్మ. అక్కడ లేనివాళ్ళ వంతు కాపాడ్డం తప్పని ఆ వీధిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అది మంచితనం కూడా కాదు, అలవాటు. ఒక మధ్యాహ్నం కీర్తన చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి విసిరికొట్టి, ఆయన అడ్డం మాటాడతన్నాడు నాకు ఇనబడ్డంలేదు అని దుప్పటి కప్పుకుని పడుకుంది. దుర్గారావు మధ్యాహ్నం షిఫ్టుకి పోయాడు. కంప్యూటరు మీద పిల్ల పేరు, దాని కింద ఒక పచ్చ గుర్తు ఆరుతూ వెలుగుతూ ఉంది. వరసలో బిందె ఉంది, మనిషి లేదు. అనూరాధ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని కుర్చీలో కూర్చుంది.

ఈ ఒక్కరోజుకే అనుకుంది. అలా అనుకోని దొంగ ఉంటాడా. హెడ్‌ఫోన్ ఇంకా పిల్ల చెవుల వేడితోనే ఉంది. మొదట ఏ కూతా అర్థం కాలేదు, అన్నీ పిట్ట అరిచినట్టే ఉన్నాయి, తప్పు నొక్కితే బండగా ఒక చప్పుడు వచ్చేది. కాసేపటికి ఒకటి తెలిసింది. తర్వాత ఇంకోటి. కరెక్టు నొక్కితే తెర పైనుంచి బంగారు చుక్కలు జలజల రాలేవి. నిజం చెప్పాలంటే, ఇప్పుడిక్కడ బల్ల మీద తనకి తను చెప్పుకుంటోంది కాబట్టి చెప్పాలి, ఆ చుక్కలు రాలుతుంటే ఆమెకి బాగుండేది. చాలా బాగుండేది. ఈ జన్మలో తనకి ఎవరు మార్కులేశారు, చారు బాగుందని దుర్గారావు ఒక్కనాడన్నాడా. పిల్ల కోసమని కూర్చునేది, చుక్కల కోసం లేవలేకపోయేది. గిన్నెలు తోమడం వాయిదా పడేది. పాపాయమ్మగారు తలుపు కొడితే పలక్కుండా ఊరుకునేది. మెట్టు మెట్టూ ఎక్కుతూ పోయింది, పైమెట్ల మీద కూతలు రెప్పపాటు కన్నా చిన్నవి, అవీ అందేవి ఆమె చెవికి. ఫోన్లో రోహిత్ మీ అమ్మాయి అదరగొట్టేస్తోందాంటీ అన్నరోజు అనూరాధకి నెలల తర్వాత ఆకలేసింది. ఎవరిని మెచ్చుకున్నాడో ఆ ఆనందంలో ఆమె విడదీసి చూసుకోలేదు. కంచే చేను మేస్తూ, చేను ఎంత ఏపుగా ఉందో అని మురిసిపోయింది.

మరి కీర్తన. కీర్తన మానెయ్యలేదు కదా, అది కదా అసలు సంగతి. బాగున్నరోజుల్లో పొద్దుటే లేచి తనూ ఆడేది. తను వదిలిన మెట్టు ఒకటి, మళ్ళీ కూర్చుంటే ఉన్న మెట్టు ఇంకొకటి. కూతలు అందనంత చిన్నవైపోయి ఉండేవి, వరసగా తప్పులు, బండచప్పుడు మీద బండచప్పుడు. అలా ఎన్ని పొద్దులు ఏడ్చిందో, తన మెదడు రాత్రికి రాత్రి ఇంత మొద్దుబారిపోతోందా అని ఎంత హడలిపోయిందో, అనూరాధ వంటింట్లో పప్పు తిరగమోత వేస్తూ జబ్బు వల్ల ఏడుస్తోందనుకుంది. ఒకనాడు పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడింది. అడిగింది. దొంగని పట్టుకున్నట్టు కాదు, సాయం అడిగినట్టు అడిగింది. "అమ్మా, నా పేరు మీద ఎవులో ఆడేత్తన్నారే." గరిట చేతిలో ఉంది, ఆవాలు చిటపటమంటున్నాయి. గరిట ఆపకుండానే అనూరాధ జవాబు చెప్పింది. "ఎవులాడతారమ్మా. నువ్వే ఆడి మర్సిపోయుంటావు." ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. మతిమరపు పిల్ల కదా, నమ్ముతుందని తెలుసు. పిల్ల కాసేపు నేలకేసి చూసి, అయ్యుంటాది అని వెళ్ళిపోయింది.

అయితే నమ్మలేదు. ఇప్పుడు తెలుస్తోంది నమ్మలేదని. పౌడరు. అనూరాధ బల్ల అంచు పట్టుకుంది. కీబోర్డు మీద పౌడరు ఉండేది. స్నానం చేసి వచ్చి కూర్చుంటుంది కదా, మెడకి రాసుకున్న పౌడరు రాలుతోందనుకుని తను గుడ్డతో శుభ్రంగా తుడిచి అప్పుడు కూర్చునేది. అన్ని మీటల మీదా కాదు. బాణాల మీదే, ఆ రెండు బాణాల మీదే, పలచగా, ఎవరి వేలు పడినా అచ్చు తెలిసేలా. పిచ్చిది అనుకునే పిల్ల పోలీసువాడికన్నా తెలివిగా వల పన్నింది, నేల తుడిచినట్టు తల్లి ఆ వలనే తుడిచేసింది. రోహిత్ ఇందాక అదీ అన్నాడు, మాటల మధ్యలో, పౌడరు జల్లానని, అది మాయమైపోతోందని కూడా చెప్పిందాంటీ డాక్టరుగారితో, పాపం. మేము చెక్ చేశాం, ఆడినదంతా మీ ఇంటి కంప్యూటర్ నుంచే, కీర్తన పేరుతోనే. ఇంట్లో ఇంకెవరికైనా కంప్యూటర్ వచ్చా అని అంకుల్ని అడిగాం, మా ఆవిడకి టీవీ రిమోట్ కూడా సరిగ్గా రాదన్నారు. అంటూ నవ్వాడు. దుర్గారావు అబద్ధమాడలేదు, అతనికి తెలిసింది అంతే. డాక్టరుగారు తప్పు చెయ్యలేదు, ఆయనకి అందిన నిజాలు అవే. అందరూ నిజమే చెప్పారు, ఒక్క తను తప్ప.

మందు పెంచారు. తెల్లమాత్ర పోయి గులాబీ మాత్ర వచ్చింది. పిల్ల పగలు కూడా పడుకోవడం మొదలుపెట్టింది, దిండు మీద చొంగ, చెంచా పట్టుకుంటే పులుసు చీర మీద ఒలికిపోయేది, మాట నాలిక కింద చిక్కుకునేది. అయ్యో పడుకుందే, ఇవాళ వంతు పోతుందే అని తను కూర్చునేది. తను ఆడేకొద్దీ మెట్లు పెరిగాయి, మెట్లు పెరిగేకొద్దీ పిల్ల హడలి డాక్టరుకి చెప్పుకుంది, చెప్పుకున్నందుకు మందు పెరిగింది, మందు పెరిగి పడుకుంటే మళ్ళీ తను. డాక్టరుకి చెప్పుకున్నది తప్ప మిగతా ముక్కలన్నీ తనకి ముందే తెలుసు, ఒకదానికొకటి అతుక్కుంటాయని తెలియలేదు. పిల్లకి నోరుంది, నిజం చెప్పింది, తల్లికి చెప్పింది, డాక్టరుకి చెప్పింది, పౌడరుతో రుజువు కూడా పెట్టింది, ఆ నిజానికి బదులుగా మాత్ర మింగించారు. మింగమని నీళ్ళగ్లాసు అందించింది తనే. ఈ చేత్తోనే. ఈ వేళ్ళతోనే.

చెప్పెయ్యాలి. చెప్పేస్తే పరిశోధనలోంచి తీసేస్తారు, ఇన్నాళ్ళ ఆటా పెంటకుప్పలో పడ్డట్టే, మతిమరపుకి ఉన్న ఒకే ఒక్క దారి మూసుకుపోతుంది. దుర్గారావు ఏమంటాడు. డాక్టరుగారు మళ్ళీ మొహం చూస్తారా. చెప్పకపోతే ఏముంది, ఇకనుంచి ఆడకపోతే సరి, మార్కులు పడిపోతాయి, భ్రమ తగ్గిందంటారు, మెల్లగా మందు తగ్గిస్తారు, ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన ఎంత చల్లగా, ఎంత బాగా ఉందో చూసి ఆమెకే దడ పుట్టింది. దొంగకి తేలు కుట్టినట్టంటారే, ఇన్నాళ్ళూ ఆ మాటకి నవ్వేది. అరవలేకపోవడం కష్టం కాదు, అరవకుండా ఉండొచ్చని తోచడం కష్టం. పిల్లకి మాత్రం జీవితాంతం ఆ రోజులు భ్రమగానే మిగిలిపోతాయి. నీ కళ్ళని నువ్వు నమ్మకు, నీ లెక్కని నువ్వు నమ్మకు అని మేడ మీద ఆయన చెప్పేది అదే కదా. అదే మాట తను గరిట తిప్పుతూ చెప్పింది.

తలుపు తెరుచుకుంది. రోహిత్ మొహంలో ఇందాకటి నవ్వు లేదు, లోపలికి రమ్మన్నాడు. గదిలో శ్రీరామ్మూర్తిగారు కూడా ఉన్నారు. కీర్తన కంప్యూటరు ముందే కూర్చుని ఉంది, హెడ్‌ఫోన్ మెడకి వేలాడుతోంది, తల్లి వచ్చిందని చూసి కుర్చీలో కొంచెం జరిగింది. డాక్టరుగారు మృదువుగానే చెప్పారు. ఇంట్లో అంత పైమెట్టుకి వెళ్ళిన పిల్ల ఇక్కడ మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉందట. బహుశా జబ్బు లోపల ఇంకా పనిచేస్తోందట, తన పేరు మీద ఎవరో ఆడుతున్నారన్న పట్టుదల ఇవాళ కూడా వదల్లేదట. మాత్ర ఇంకొంచెం పెంచి చూద్దామని ప్రిస్క్రిప్షన్ ముందుకి లాక్కున్నారు. మాత్ర ఇప్పుడే ఇస్తారన్నట్టు కీర్తన అరచెయ్యి చాచింది. అది చూశాక అనూరాధకి ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు.

"పెంచకండి బాబూ" అంది. "అది బ్రమ కాదు. ఆడింది నానే."

ఎవరూ ఉలిక్కిపడలేదు. పడతారనుకుంది. డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి, ఆమె వైపు ఎంతో దయగా చూశారు. తల్లి మనసు అలాగే ఉంటుందమ్మా అన్నారు, బిడ్డ మాట అబద్ధమంటే తట్టుకోలేక ఆ మాటని తామే నిజం చేసేస్తారు కొందరు, నాకు తెలుసు, మీరు కాస్త మంచినీళ్ళు తాగండి అన్నారు. రోహిత్ గ్లాసు అందించాడు. గ్లాసు. అనూరాధ ఆ గ్లాసు ముట్టుకోలేదు. నిజం చెబుతోంది, స్పష్టంగా చెబుతోంది, ఎదుటివాళ్ళు ప్రేమగా వింటున్నారు, ఒక్క ముక్క నమ్మడం లేదు. ఇంకా గట్టిగా చెబితే ఇంకా ప్రేమగా చూస్తారు. కూతురు ఇన్ని వారాలుగా ఉన్న చోటు ఇదా, ఈ గదిలోనా పిల్ల ఒంటరిగా కూర్చున్నది. కూతురి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కీర్తన మెడలోంచి హెడ్‌ఫోన్ మెల్లగా తీసి తన చెవులకి పెట్టుకుంది. నిలబడే, రెండు వేళ్ళు బాణాల మీద పెట్టి, పైమెట్టు తియ్యి బాబూ అంది రోహిత్‌తో.

రోహిత్ డాక్టరుగారి వైపు చూశాడు, ఆయన తలూపారు. కూతలు మొదలయ్యాయి, దోమ రెక్కంతేసి కూతలు. గదిలో వాళ్ళకి అవి వినబడవు, మీటలు టకటకమనడం వినబడుతుంది, తెర కనబడుతుంది. చుక్కలు రాలాయి. మళ్ళీ రాలాయి. అనూరాధ కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, వేలు మాత్రం తప్పలేదు, తప్పితే బాగుండునని ఒకపక్క అనిపించింది, తప్పితే కూతురు అబద్ధాలకోరైపోతుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా నొక్కింది. ఎంతసేపో. ఆఖరికి డాక్టరుగారే వచ్చి చాలమ్మా అన్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. కుర్చీలో కూర్చుని, రాసిన కాయితం చింపేసి, కొత్తదాని మీద కొంచెం తగ్గించిన మోతాదు రాయడానికి చాలాసేపు తీసుకున్నారు, పాత మోతాదుకి ఒక్కసారిగా కాదు మెల్లగా దింపాలన్నారు, ఆ ముక్కలు కూడా కీర్తనతోనే చెప్పారు, నేను నిన్ను నమ్మలేదమ్మా, తప్పు నాది కూడా అన్నారు. రోహిత్ కిటికీ వైపు తిరిగి, ఇక కీర్తనవి ఏవీ లెక్కలోకి రావాంటీ అన్నాడు, కోపంగా కాదు, ఏదో పోగొట్టుకున్నట్టు. వంతు పోయింది. అనూరాధ దేనికోసం ఇదంతా చేసిందో అది అంత మామూలుగా, రెండు ముక్కల్లో పోయింది.

కీర్తన తెరవైపే చూస్తోంది. చుక్కలు ఇంకా ఒకటి రెండు జారుతున్నాయి.

"అయితే నాను సెప్పింది నిజిమే" అంది.

"నిజిమేనమ్మా."

"పౌడరు నువ్వే తుడిసేవు."

"నానే తుడిసేను."

పిల్ల తల్లి వైపు తిరిగింది. మందు మత్తు కళ్ళ మీద ఇంకా మూతలా ఉంది, దాని కిందనుంచి ఎవరో మేలుకుని పైకి చూస్తున్నారు. "మరి మేడ మీద ఆయనో? ఆయనా నిజిమేనా?"

డాక్టరుగారి చేతిలో పెన్ను ఆగింది. రోహిత్ కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. మూడేళ్ళుగా అందరూ కలిసి, బతిమాలి, మందులు పోసి, లేడమ్మా లేడమ్మా అని చెప్పి పిల్లని ఇంతవరకూ నడిపించుకొచ్చారు, ఆ లేడమ్మాలన్నిటి పక్కనా తన అబద్ధం ఒకటి నిలబడింది, ఇప్పుడది కూలితే వాటినేం పట్టుకుని నిలబెట్టాలి. లేడని అంటే, ఇదీ అలాగే లేదన్నావు కదా అంటుంది. ఉన్నాడని ఎలా అంటుంది. పిల్ల ఆమె మొహాన్నే చూస్తోంది, ఈ భూమ్మీద ఇంక తల్లి ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా, ఆ నమ్మకం చూస్తే కొట్టినా బాగుండుననిపించింది. చిన్నప్పుడు సముద్రంలోకి దిగేముందు ఇలాగే చూసేది, లోతుందా అమ్మా అని.

"ఆయన్ని నానెప్పుడూ ఇన్లేదమ్మా" అంది అనూరాధ, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ. "నువ్వొక్కదానివే ఇన్నావు. నాకు తెలిసినంతలో ఆయన లేడు. ఇది మాత్రం నాను సేసేను. సేసి, లేదని నీ మొకం మీదే సెప్పేను. ఆ రెండూ ఒకటి కాదు."

కీర్తన చెయ్యి చాచి, తల్లి మెడలోకి జారిన హెడ్‌ఫోన్ తీసుకుంది, చిక్కుపడిన వైరు విడదీసి, చుట్టి, తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇకమీదట నాకు సెప్పి ఆడు" అంది.